ఒక్క నెర్రె లేని పటం

పటాలు కట్టడం మా నాన్న నుంచి నాకొచ్చిన పని. తెనాలిలో మా షాపుకి వచ్చే ప్రతి బొమ్మనీ చూస్తాను, కానీ అంచులే చూస్తాను. పొడవెంత, వెడల్పెంత, గాజు వెయ్యాలా వద్దా, చుట్టూ ఏ చెక్క బీడింగు నప్పుతుంది. వేంకటేశ్వరస్వామి అయినా, పెళ్ళిజంట అయినా, పోయిన మామగారయినా నాకు నాలుగు అంచులూ నాలుగు మూలలే. రెండు నిమిషాల్లో లెక్క తేల్చి పంపించేస్తాను. ఆ వేగం గురించి నాకు కాస్త గర్వం కూడా ఉంది. ఉంటే తప్పేమిటి?

అలాంటి నన్ను అరవదేశంలో నల్లరేగడి దాకా నడిపించింది ఒక చిన్న బొమ్మ. మధురైలో ఉద్యోగం చేసే అబ్బాయి సెలవులకి వచ్చి, పటం కట్టమని ఇచ్చి వెళ్ళాడు. తెల్లకాగితం మీద కింద నల్లటి చేను, పైన ఏమీ లేదు. సిరాతో వేశారనుకున్నాను. కొలుస్తుంటే మూల దగ్గర వేలికి మట్టి అంటింది. వాసన చూశాను. తొలకరి పడ్డ చేను వాసన! పటం కట్టడం అయిపోయినా దాన్ని ఇవ్వబుద్ధి కాలేదు. ఆ అబ్బాయి ఫోను చేసినప్పుడల్లా "ఇంకా అవ్వలేదు బాబూ" అని అబద్ధమాడాను. చివరికి బొమ్మ ఇచ్చేసి, వేసినావిడ ఫోను నంబరు తీసుకున్నాను.

ఆవిడ పేరు ఇందుమతి. కోవిల్‌పట్టిలో ఒక స్కూల్లో డ్రాయింగు టీచరు. నేను ఇంగ్లీషు కూడదీసుకునే లోపే నా యాస పట్టేసి, "మీరు తెలుగా అక్కా? మా ఇంట్లో కూడా తెలుగే" అంది. తాతముత్తాతలెప్పుడో వచ్చి అక్కడి నల్లనేలలో స్థిరపడ్డ రైతు కుటుంబమట. మద్రాసులో జరగబోయే పెద్ద ప్రదర్శనకి ఆమె కొత్త పటం ఒకటి పరిశీలనలో ఉందనీ, శుక్రవారం ఒకాయన వచ్చి చూసి తేలుస్తాడనీ చెప్పింది. "ఇంతవరకు నా పటం ఊరు దాటి పెద్ద గోడ ఎక్కలే అక్కా. ఇది చాలా పెద్దది, బరువు. మీరు పటం కట్టేవాళ్ళు కదా. వచ్చి, ఎట్ల పంపాలో చెప్పండి" అంది. పిలిస్తే చాలనుకుంటున్నదాన్ని. షాపు తమ్ముడికి అప్పగించి రైలెక్కాను.

విరుదునగర్: గోడకేసి తిరిగిన పటాలు

"దారిలో విరుదునగర్‌లో దిగి అళగర్ అన్నని చూసి రాండి" అని ఇందుమతి చెప్పింది కాబట్టి ముందు అక్కడ దిగాను. పప్పులు, నూనెలు, మిరపకాయల వ్యాపారం ఊరు. బజారులో అడుగుపెట్టగానే దగ్గొచ్చింది. గుంటూరు మిర్చి యార్డుకి అంత దగ్గర్లో పెరిగినదాన్ని, నాకు దగ్గొచ్చిందంటే ఆ బజారుకి నమస్కారం పెట్టాల్సిందే.

ఇక్కడ పరోటాని నూనెలో ముంచి, మనం గారెలు వేయించినట్టు కరకరలాడేలా వేయిస్తారు. దాన్ని ఆకులో ముక్కలు చేసి పైన పలచటి మసాలా పులుసు గుమ్మరిస్తారు. సాల్నా అంటారు. మా ఊళ్ళో ఒక పరోటా ధరకి ఇక్కడ రెండొచ్చాయి. తిన్నాక గులాబీ వాసనేసే పన్నీర్ సోడా తాగమన్నాడు హోటలాయన. పన్నీరంటే నేను కూరలో వేసేది అనుకుని సోడాలో ముక్కల కోసం వెతికాను. ఆయన నవ్వు ఆపుకోలేక గల్లాపెట్టె మీద తలపెట్టాడు. నవ్వితే నవ్వాడు గానీ సోడా బ్రహ్మాండంగా ఉంది.

అళగర్‌కి యాభై దాటాయి. అరుప్పుకోట నేతవాళ్ళ ఇంటి మనిషి. పప్పుల గోడౌన్లలో బస్తాల మీద వ్యాపారుల గుర్తులు వేసే పని చేసి, ఆ పని మిషన్ల పాలయ్యాక, అవే గోనెపట్టాల మీద బొగ్గుతో బొమ్మలు వేస్తున్నాడు. వీధిలో నడుస్తున్నంతసేపూ అందరితో అరవంలోనే మాట్లాడాడు. గుమ్మం దాటి లోపలికి రాగానే, చెప్పులతోపాటు అరవాన్ని కూడా బయట విడిచినట్టు తెలుగులోకి దిగాడు. నా షాపు కార్డు ఇస్తే చాలాసేపు చూశాడు. "మా ఇంటి మాట ఇట్ల ఉంటాదా రాస్తే? అన్నీ గుండ్రంగా ఉండాయే!" అన్నాడు. ఆయనకి తెలుగు చదవడం రాదు.

గదినిండా పటాలు. అన్నీ గోడకేసి తిరిగి ఉన్నాయి. ఒక్కటే మా వైపు ఉంది. బస్తా మోస్తున్న మనిషి వీపు.

"మిగతావి తిప్పండి, చూస్తాను" అన్నాను.

"కాపి అయినంక తిప్పుతా మేడం. ఒగ కాపికి ఒగ పటం. అదే మా ఇంట్లో రూలు."

రూలంటే నాకు మంట. కాఫీని రెండు గుక్కల్లో పూర్తిచేశాను. ఆయన మళ్ళీ గ్లాసు నిండా పోశాడు. ఈసారి మసిలిపోతోంది! నోరు కాలుతుంటే చేసేదేముంది, పటం చూశాను. వీపు, మెడ, వంగిన నడుము. చూడాల్సింది అయిపోయిందనుకున్నాను. గ్లాసు ఇంకా కాలుతూనే ఉంది. అప్పుడు కనిపించింది, ఆ మనిషి కుడిభుజం మీద గోనెకి అతుకు. నీలం పురికొసతో ఎవరో గోనెసంచి కుట్టుకున్న అతుకు. బొగ్గుతో గీసింది కాదు, నిజంది. బస్తా ఒరుసుకుని తోలు లేచే చోటే సరిగ్గా ఉంది.

"ఈ అతుకు..." అన్నాను.

"ఆ అతుకు చూసే కదా ఈ పట్టా తీసుకుంటిని. మనిషి తరువాత వచ్చినాడు" అన్నాడు అళగర్.

నాలుగు కాఫీలు తాగాను. కడుపులో మంట పుట్టింది. కానీ పటాల షాపు యజమానురాలినై ఉండి, ఒక బొమ్మ మధ్యభాగాన్ని ఇంతసేపు చూడటం నాకిదే మొదలు. చాలా సంతోషంగా అనిపించింది. బయల్దేరుతుంటే అళగర్, "శుక్రవారం ఆ మద్రాసాయన్ని కూడ కూర్చోపెట్టమని చెప్పండి ఇందూకి. నిలబెట్టి చూపిస్తే పొయ్యేస్తాడు. ఆ పాపకి ఇది పెద్ద చాన్సు" అన్నాడు.

కోవిల్‌పట్టి: క్యాలెండరు దేవుళ్ళ పుట్టిల్లు

మర్నాడు పొద్దున కోవిల్‌పట్టి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకి ఆడవాళ్ళని తీసుకెళ్ళే వ్యాన్లు వీధులన్నీ తిరుగుతున్నాయి. ఒక్కో వ్యాన్లోంచీ మల్లెపూల వాసన, కబుర్లు. ఊరంతా వేరుశెనగ పట్టీల అంగళ్ళు. మా వేటపాలెం జీడిపప్పు పాకం తప్ప ప్రపంచంలో ఇంకేదీ పాకం కాదని నమ్మేదాన్ని. ఇక్కడి పల్లీ పట్టీ ఒకటి నోట్లో వేసుకున్నాక ఆ నమ్మకానికి కొంచెం పగులొచ్చింది. పంటికి అంటదు, బెల్లం గొంతులో మండదు. ఇంటికి కొన్న పొట్లం ఇంటిదాకా రాలేదు.

మా షాపులో నేను పటం కట్టిన దేవుళ్ళలో చాలామంది ఒకప్పుడు ఈ ఊళ్ళోని చిత్రకారుల చేతుల్లో పుట్టినవాళ్ళే. ఇక్కడ వేసిన బొమ్మలు పక్కనే శివకాశిలో అచ్చయ్యి దేశమంతా వెళ్ళాయి. టీకొట్టాయన్ని "ఇక్కడ పాతకాలపు బొమ్మలు ఎక్కడ చూడొచ్చు?" అని నాకొచ్చిన సినిమా తమిళంలో అడిగితే, ఎంగిలి గ్లాసుతోనే తన తలమీద గోడ చూపించాడు. ఏ ఏటిదో క్యాలెండరు. తేదీల కాగితాలు చిరిగిపోయి, పైన సుబ్రహ్మణ్యస్వామి ఒక్కడే మిగిలాడు.

ఈ స్వామికి నేను ఎన్ని వందలసార్లు పటం కట్టి ఉంటానో. అళగర్ రూలు ప్రకారం టీ చప్పరిస్తూ చూశాను. నెమలి, వేలాయుధం, చిరునవ్వు. టీ సగమయ్యాక స్వామి మోకాలి వెనక్కి చూపు పోయింది. అక్కడ కైలాసం లేదు, మంచుకొండలు లేవు. చదునుగా నల్లటి చేను, దాని గట్టున రెండు తుమ్మచెట్లు. రైల్లోంచి పొద్దున నేను చూసిన చేనే. వేసినాయన దేవుడి వెనక తన ఊరి పొలం పెట్టుకున్నాడు! ఇన్నేళ్ళూ ఆ పొలాన్నే నేను బీడింగు కింద నొక్కేస్తూ వచ్చాను. టీకొట్టాయనకి చూపిస్తే, ఆయన కూడా మొదటిసారి చూశాడు. ఇద్దరం చాలాసేపు స్వామి వెనక్కే చూస్తూ నిలబడ్డాం.

ఆ ఉత్సాహంలో, ఇక నాకు చూడటం వచ్చేసిందనుకున్నాను. ఆరంభశూరత్వం అంటే ఇదే.

ఒట్టపిడారం దారిలో ఒక ఇల్లు

ఇందుమతి వాళ్ళ ఊరు ఒట్టపిడారం వెళ్ళే దారిలో ఉంది. నేను వెళ్ళేసరికి ఆమె ఇంకా స్కూల్లోనే ఉంది. భర్త తూత్తుకుడి హార్బర్‌లో పని, వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఉన్నది అత్తగారు గురువమ్మ. డెబ్భై దాటిన మనిషి, ఎండిన చింతబరికలా సన్నగా, గట్టిగా ఉంది.

"రాండి బిడ్డా, ఎంత వెయిల్లో వస్తిరే! కాళ్ళు కడుక్కోండి. మోరు తాగండి" అంది. వెయిలంటే ఎండ, మోరంటే మజ్జిగ. మిగతా మాటలన్నీ మా అమ్మమ్మ కాలం తెలుగు. మనం పుస్తకాల్లో కూడా వదిలేసిన మాటలు ఆమె నోట్లో తాజాగా ఉన్నాయి.

ఇల్లు అద్దంలా ఉంది. గడపకి పసుపు, వాకిట్లో ముగ్గు, గిన్నెలు తళతళ. నేను పటాల కోసం గోడలు చూశాను. చిన్న చిన్న మట్టిబొమ్మలు రెండు మూడు కనిపించాయి, నా షాపుకొచ్చిన దాని అక్కచెల్లెళ్ళు. పెద్దది ఎక్కడుందోనని పెరట్లోకి తొంగిచూశాను. అక్కడ ఎండలో, ఇటుకల మీద మంచమంత చెక్కపలక పరిచి ఉంది. దాని నిండా నల్లమట్టి. ఆ మట్టంతా నెర్రెలు. వడియాలు పెట్టుకోడానికి మెత్తుకున్న అరుగు కాబోలనుకున్నాను. పలకరింపుగా ఏదో ఒకటి అనాలి కదా.

"అయ్యో, ఇంత కష్టపడి మెత్తింది మొత్తం నెర్రెలిచ్చిందేమిటమ్మా, పాడైపోయిందే!" అన్నాను.

గురువమ్మ ముఖం చిన్నబోయింది. "అవును బిడ్డా. వెయిలు జాస్తి. ఇందూ దినమూ వచ్చి దాన్ని చూసి ఊరికే నిలబడిపోతాది. పాపం, ఏం చేసేదో తెలీలే దానికి."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఏ ఊళ్ళోనూ మంచిది కాదు.

భోజనానికి సజ్జసంగటి, గోంగూర లాంటి పుల్లటి ఆకుకూర పులుసు, వేయించిన మోరుమిరపకాయ. మేం రాగిసంగటి తింటాం గానీ సజ్జల్లో ఇంత తీపి ఉంటుందని తెలీదు. కొసరి కొసరి పెట్టింది గురువమ్మ. అంత తిన్నాక నులకమంచం చూస్తే ఆగుతానా, ఒరిగాను.

అరచేత్తో మట్టి రుద్దే చప్పుడుకి మెలకువ వచ్చింది. పెరట్లో గురువమ్మ చీర దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కన పేడా మట్టీ కలిపిన తొట్టి. పలక మొత్తం మెత్తేసింది. పేడ కలిపిన రేగడి నెర్రెవిచ్చదని పల్లెల్లో ఎవరికి తెలీదు! ఒక్క గీత కనిపించకుండా, చెయ్యి తిరిగిన చోటల్లా అర్ధచంద్రాలు. నిజంగా బాగుంది.

"ఎంత నున్నగా మెత్తారమ్మా!" అన్నాను మెచ్చుకుంటూ.

"ఒగ నెర్రె లేదు చూడు బిడ్డా. రేపు మద్రాసాయన ఇందూ పటం చూడను వస్తాడంట. పగుళ్ళు చూస్తే నవ్వడా? నువ్వే చూస్తానే అయ్యో అంటివి కదా."

"ఇందూ పటమా? ఇదా?"

"ఇదే" అంది గురువమ్మ, చేతులు కడుక్కుంటూ.

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు మనవాళ్ళు. పరాయి మనిషి వచ్చే వేళకి ఇంట్లో ఏ గోడకీ, ఏ అరుగుకీ పగులు కనిపించకూడదన్న నీతి మీద డెబ్భై ఏళ్ళు బతికిన మనిషి ఆమె. కోడలి పరువు కాపాడాననుకుంటోంది. నేను తేలు కుట్టిన దొంగలా మంచం మీద కూర్చుండిపోయాను.

ఇందుమతి కూర్చున్న సాయంత్రం

ఇందుమతి స్కూలు బ్యాగు భుజానుండగానే పెరట్లోకి వచ్చింది. నాకు నమస్కారం పెట్టబోయి పలక చూసింది. చేతులు సగంలో ఆగిపోయాయి.

గురువమ్మ వెలిగిపోతూ నిలబడింది. "చూడు, సరి చేస్తిని" అంది.

ఇందుమతి భుజం మీది బ్యాగు దించింది. తరువాత, "అలిసిపోయుంటారు అత్తా. పోయి తలవాల్చండి" అని ఆమెని లోపలికి పంపింది. వెళ్ళి ముఖం కడుక్కొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు నాకు ఆ పటం కథ చెప్పింది. మాఘమాసం నుంచి చేస్తోంది. ఊరి పొలాల్లోంచి, ఎవరి చేను మట్టి వాళ్ళదిగా తెచ్చి, తుమ్మజిగురు కలిపి పలక మీద పరిచింది. వెడల్పు నెర్రె కావాలన్న చోట మందంగా, సన్నది కావాలన్న చోట పలచగా. "గీత నేను గీయలే అక్కా. మందం నేను చెప్తా, వెయిలు గీస్తాది. మా ఊరి గట్లన్నీ వచ్చినాయి దాంట్లో, బావికి పోయే దోవ కూడ. పాడైందని నిలబడలే నేను. చూస్తా నిలబడితిని." ఫోనులో ఆ పటం ఫొటో చూపించింది. ఎండిన ఊరు, పైనుంచి పక్షి చూసినట్టు. నాకు ఏడుపొచ్చింది.

"తప్పు నాది. నేను అయ్యో అన్నాను" అన్నాను.

"మీరు అనకున్నా రేపు పొద్దునకి మెత్తే ఉంటాదక్కా. అత్త సంగతి నాకు తెలీదా?"

ఊరుకోలేక సలహాలు మొదలుపెట్టాను. తడిగా ఉండగానే గీకేద్దామా, బద్దతో పైపొర లేపుదామా, రేపటి ఆయనకి ఫొటో చూపించి వారం గడువు అడుగుదామా. తాతకు దగ్గులు నేర్పుతున్నానని తెలుస్తూనే ఉంది, అయినా నోరు ఆగలేదు.

"మొదలు చూద్దాం అక్కా. గీకేది ఎప్పుడైనా గీకొచ్చు" అని ఇందుమతి నేలమీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

ఎండ పసుపయ్యింది, తరువాత ఎర్రనయ్యింది. పక్కింటి మేకలు ఇంటికొచ్చాయి. మట్టి ఆరుతున్న కొద్దీ గురువమ్మ చేతి గుర్తులు తేలుతూ వచ్చాయి. నాకు ముందు అన్నీ ఒకేలాంటి అర్ధచంద్రాల్లా కనిపించాయి. ఇందుమతి లేచి ఒకసారి ఆ చివరనుంచి, ఒకసారి ఈ చివరనుంచి చూసి వచ్చింది. కుడిపక్కన వంగి, చాలాసేపు కదల్లేదు.

"అక్కా, ఈ పక్క చూడండి. ఎడమ తట్టు వంపు పెద్దది, నిండుగా తిరిగింది. కుడితట్టు అన్నీ సగంలో ఆగిపోతాయి. ఈ పై మూలన వేళ్ళ గుర్తు తిరగబడి ఉండాది. బొటనవేలు ఇటు ఉండాది."

చూశాను. నిజమే. ఆ మూల ఎడమచేత్తో మెత్తిందే.

"అత్త ఎడమచేతి మనిషి కాదు" అంది ఇందుమతి. "కుడిచెయ్యి దూరం చాచను, పైకి ఎత్తను రావడం లే ఆమెకి. అందుకే, తలకి నూనె పెట్టుకునేది మానేసి నన్ను పెట్టమంటా ఉండాది. ముద్దుకి అడుగుతుందనుకుంటిని. ఎన్ని నెలలుగా దాచిపెట్టుకుందో."

ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ చూసే మనిషి. చేతి నొప్పి మట్టిలో కనపడేదాకా ఎవరికీ కనపడలేదు. ఇందుమతి ఆ పలక దగ్గర్నుంచి లేవలేదు. దీపం పెట్టే వేళకి వచ్చి గీకుదామా అని మళ్ళీ అడిగాను.

"ఒద్దు. ఇది ఇట్లనే ఉంటాది" అంది. "రేపాయన ఒప్పుకోకుంటే?" అన్నాను. "ఒప్పుకోకుంటే పోతాది" అంది. చెప్పడానికి తేలికగా చెప్పింది గానీ, ఆ రాత్రి ఆమె సరిగా అన్నం తినలేదు.

మద్రాసు నుంచి వచ్చినాయన

శుక్రవారం మధ్యాహ్నం కారు వచ్చింది. ఆయన చెడ్డమనిషేం కాదు. అలిసిపోయి ఉన్నాడు. నార చొక్కా చెమటకి తడిసింది, తూత్తుకుడిలో ఇంకెవరినో చూడాలట. పెరట్లోకి వచ్చి, నిలబడే పలక చూసి, అరవంలో మొదట అడిగిన మాట ఇది: "నువ్వు ఫొటో పంపిన పగుళ్ళేవి?"

ఇంతవరకు చెప్పకుండా దాచిన సంగతి ఆ ఒక్క మాటతో బయటపడింది. మజ్జిగ గ్లాసులతో వస్తున్న గురువమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ముఖం చూసింది, పలక చూసింది, కోడల్ని చూసింది. అన్నీ అర్థమయ్యాయి.

"ఆ పగుళ్ళే పటమా?" అంది తెలుగులో, చాలా మెల్లగా. "నేనే చెడగొట్టితినా ఇందూ?"

"చెడగొట్టలే అత్తా. చేసినారు. ఇటు రాండి" అని ఇందుమతి ఆమె చేతిలో గ్లాసులు అందుకుంది. ఒకటి ఆయన చేతికిచ్చి, ఇటుకల ముందున్న పీట చూపించి, కూర్చోమంది. ఆయన వాచీ చూసుకున్నాడు. గురువమ్మ వయసు మనిషి మజ్జిగ తెచ్చి ఎదురుగా నిలబడితే, తాగకుండా వెళ్ళడం ఎవరి తరమూ కాదు. కూర్చున్నాడు. గ్లాసు సగమయ్యేసరికి, అళగర్ కాఫీ రూలు మజ్జిగకీ వర్తిస్తుందని నాకర్థమైంది. ఆయన వాచీ సంగతి మరిచిపోయాడు. పీట ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాడు.

"ఈ పక్కన వంపులు ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగాడు.

"అది మా అత్త చెయ్యి. అక్కడికి మించి లేవదు" అంది ఇందుమతి అరవంలో. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. కింద తన పగుళ్ళు ఉన్నాయనీ, పైన అత్త మెత్తిన మట్టి ఉందనీ.

ఆయన పీట మీంచి వంగి ఆ మూల మళ్ళీ చూశాడు. తరువాత, "ఇది తీసుకుంటాను" అన్నాడు.

"రెండు పేర్లూ వెయ్యాలి సార్" అంది ఇందుమతి.

ఆయన నవ్వాడు. ప్రదర్శన పుస్తకం అచ్చుకి ఒక పేరే వెళ్ళిపోయిందన్నాడు, ఆలోచన నీదే కదా అన్నాడు, అత్తగారికి కృతజ్ఞతలని కింద రాయిద్దామన్నాడు. ఇందుమతి గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "అయితే ఈ పటం రాదు సార్. నెర్రెల పటం ఇంకొకటి చేస్తా, వచ్చే ఏడు చూడండి."

ఊరు దాటని పటానికి వచ్చిన మొదటి కబురు అది. చేతికందిన దాన్ని పేరు కోసం నేలమీద పెట్టేసింది. ఆయన పలక వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మిగిలిన మజ్జిగ తాగాడు. జేబులోంచి కలం తీసి గురువమ్మ వైపు తిరిగి, "మీ పేరు చెప్పండమ్మా" అన్నాడు.

గురువమ్మ కంగారు పడిపోయింది. "నా పేరేలకు?" అని కోడల్ని అడిగింది. ఇందుమతి చెప్పింది. గురువమ్మ పలక చుట్టూ ఒక్కసారి తిరిగి, కుడిపక్క పై మూల దగ్గర పెదవి విరిచింది. "ఈ మూల సరిగా రాలేదే. పేరేసేదైతే ఇంకో తూరి మెత్తి ఇస్తా, రేపు రమ్మను."

ఆ మాట ఇందుమతి అరవంలో చెప్పేసరికి ఆయన పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. గురువమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె నిజంగానే అంది.

ఆ సాయంత్రం నా పని నేను చేశాను. పలక కొలిచి, ఎక్కడ ఆనించాలో, ఏ వైపు పట్టుకోకూడదో, పెట్టె ఎలా కట్టించాలో వడ్రంగికి దగ్గరుండి చెప్పాను. బీడింగు వద్దన్నాను. బతుకులో మొదటిసారి ఒక పటానికి అంచు వద్దని నేనే చెప్పాను, చెప్పడం నాకు చాలా నచ్చింది.

ఎముకల డాక్టరు

శనివారం నా రైలు సాయంత్రం. పొద్దున ముగ్గురం కోవిల్‌పట్టి బస్సెక్కాం. గురువమ్మతో, నన్ను సాగనంపడానికి అని చెప్పింది ఇందుమతి. బస్టాండు దగ్గర దిగి, ఆమె చెయ్యి పట్టుకుని ఎముకల డాక్టరు గదికి తీసుకెళ్ళింది. మోసం తెలిసి గురువమ్మ వాకిట్లోనే మొరాయించింది. "నాకేం నొప్పి? ఒగ నొప్పీ లేదు. వయసైనాక కూడ డాక్టరు చూడాలా?" అని నా వైపు సాక్ష్యానికి చూసింది. నేను ఆంధ్రా నుంచి వచ్చిన పెద్దమనిషిని కదా, వీధిలో పోయే బస్సుల్ని చూశాను.

డాక్టరు కుర్రవాడు. మర్యాదస్తుడు. "చెయ్యి ఎంతవరకు లేస్తుంది పాట్టీ?" అన్నాడు అరవంలో. పాట్టీ అంటే అమ్మమ్మా అన్నట్టు.

"బాగా లేస్తుంది సామీ. ఈమెకే భయం ఎక్కువ" అంది గురువమ్మ, రెండు చేతులూ ఒడిలో గట్టిగా పెట్టుకుని.

ఇందుమతి లేచి నిలబడింది. తన కుడిచెయ్యి చాచి, గాలిలో గోడ మెత్తుతున్నట్టు కిందనుంచి పైకి తిప్పుతూ తెచ్చింది. భుజం కంటే కొంచెం పైన, ఠక్కున ఆపేసింది. "ఇక్కడ డాక్టర్. ఇంతకు మించి పోదు" అంది.

డాక్టరు గురువమ్మని అలాగే ఎత్తమన్నాడు. ఆమె ఇక దాచలేకపోయింది. మెల్లగా ఎత్తింది. వేలెడు అటూ ఇటూ కాకుండా అక్కడే ఆగింది. పళ్ళు బిగబట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెయ్యి దించకుండానే కోడలివైపు తిరిగింది. "ఎవురు చెప్పిరి నీకు?" అంది తెలుగులో.

"ఎవురూ చెప్పలే అత్తా" అంది ఇందుమతి. "చూస్తిని."